సొంతంగా ఇంజిన్ మార్పు – ఆరో పాఠం: అమ్మకానికి పెట్టే ముందు

ఈసారి మొత్తం అమ్మకం గురించే రాయాలనుకున్నాను. అయితే పోయిన పాఠం చూసి ఇంజిన్ బిగించినవాళ్లు చాలామంది రెండు చోట్ల ఇరుక్కుపోయారు. ఆ చిక్కులు విడిపోకుండా అమ్మకం మాట ఎత్తి లాభం లేదు.

మొదటిది సెల్ఫ్. తాళం తిప్పితే టక్కుమంటుంది, ఇంజిన్ మాత్రం తిరగదు. కొందరు బ్యాటరీ మార్చారు, కొందరు సెల్ఫ్ మోటార్ విప్పి రిపేరుకు ఇచ్చారు. ఇంకా ఆ పని చెయ్యనివాళ్లు దయచేసి ఆగండి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరులో కరెంటు పారదు కాబట్టి ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఒక ఎర్త్ పట్టీ (కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి) ఉంటుంది. పాత ఇంజిన్ దించేటప్పుడు దాన్ని విప్పి ఉంటారు. మళ్లీ పెట్టడం మరిచిపోవడమో, పెయింటు గీకకుండా బిగించడమో జరిగి ఉంటుంది. జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొస ఇంజిన్ బ్లాకు మీద శుభ్రంగా ఉన్న లోహానికి పట్టించి సెల్ఫ్ కొట్టండి. గిర్రున తిరిగితే లోపం ఎర్త్‌దే. నేను మల్టీమీటర్ తీసే ముందే ఈ పని చేస్తాను. మీటరుతో చూడాలనుకుంటే సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్‌కీ బ్లాకుకీ మధ్య వోల్టేజి చూడండి. అర వోల్టు దాటిందంటే కనెక్షన్ బాగోలేనట్టే. పట్టీ లేకుండా పదే పదే సెల్ఫ్ కొట్టకండి. సెల్ఫ్ మోటార్ లాగే కరెంటు వంద ఆంపియర్లు దాటుతుంది. అదంతా గేరు కేబుల్‌నో యాక్సిలరేటర్ కేబుల్‌నో దారి చేసుకుని, వాటిని కాల్చేస్తుంది.

రెండోది గాలి. కాసేపు బాగానే నడిచి, తర్వాత టెంపరేచర్ ముల్లు ఒక్కసారిగా పైకి లేచిందన్నవాళ్లని ఒకటే అడుగుతాను: అప్పుడు బండి లోపలి హీటర్ వేడిగా ఊదిందా, చల్లగానా? ఇంజిన్ మరిగిపోతున్నా హీటర్ చల్లగా ఊదుతోందంటే దాని పైపుల్లోకి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వెళ్లడం లేదు. కూలెంటే తక్కువైనా ఉండాలి, లోపల గాలైనా చిక్కుకుని ఉండాలి. ఖాళీ ఇంజిన్‌లో గబగబా పోస్తే ఇరుకు మూతి సీసాలో నీళ్లు పోసినట్టే, గాలికి బయటికి వచ్చే దారి ఉండదు. టెంపరేచర్ సెన్సర్ సరిగ్గా ఆ గాలిలో ఉండిపోతే ఇంకా ప్రమాదం. ముల్లు కిందే ఉంటుంది, హెడ్ (ఇంజిన్ పై భాగం) మాత్రం కాలి వంకర పోతుంది. అందుకే ముల్లుతో పాటు హీటర్ గాలి మీద కూడా చెయ్యి పెట్టి చూడండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బండి ముందు భాగం ఎత్తులో ఉండేలా నిలపండి. హీటర్‌ని పూర్తి వేడికి తిప్పండి. గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు ఆగి కూలెంట్ ధారగా వచ్చేదాకా సన్నగా పోయండి. స్క్రూ బిగించి స్టార్ట్ చేయండి. చాలా బళ్లలో థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) 80 నుంచి 95 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది, అప్పుడు రేడియేటర్ కింది పైపు కూడా వేడెక్కుతుంది. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూసి, ఆపి, చల్లారాక తగ్గినంత పోయండి. మర్నాడు మళ్లీ చూడండి. ఆ తర్వాత కూడా రోజూ తగ్గుతూనే ఉంటే ఎక్కడో లీకు ఉందన్నమాట. అది తేలేదాకా బండి అమ్మకానికి పెట్టకండి.

ఇక అమ్మకం. రిజిస్ట్రేషన్‌లో ఇంజిన్ నంబరు నమోదయ్యే చోట ఆ మార్పు చేయించాకే ప్రకటన ఇవ్వాలి. ఇంజిన్ కొన్న రశీదు, దాని నంబరు ఫొటో, దాంతో పాటు మార్చిన టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, సీళ్ల బిల్లులు ఒక ఫైల్లో పెట్టండి. డ్యాష్‌బోర్డు మీద కిలోమీటర్ల మీటరు చూపించేది బాడీ, సస్పెన్షన్ తిరిగిన దూరం. ఇంజిన్ తిరిగిన దూరం వేరే రాయండి, రుజువు లేకపోతే తెలియదనే రాయండి. పెట్టిన ఖర్చంతా ధరలో రాబట్టాలని చూడకండి. పెయింటూ టైర్లూ పాతవే కదా, కొనేవాళ్లు వాటిని కూడా చూసే బేరమాడతారు.

నాకు బాగా చిరాకు తెప్పించే పని ఒకటుంది. ఇంజిన్ మార్చాక ఏదో సెన్సర్ వైరు ప్లగ్ సరిగ్గా కూర్చోక చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. క్రాంక్ సెన్సర్‌కి పి0335, క్యామ్ సెన్సర్‌కి పి0340 లాంటి లోపం కోడ్లు బండి కంప్యూటర్‌లో పడతాయి. కొనేవాళ్లు గంటలో వస్తారనగా స్కానర్‌తో (ఆ కంప్యూటర్‌ని చదివే పరికరం) ఆ కోడ్లు చెరిపేస్తారు, లేదా బ్యాటరీ వైరు కాసేపు పీకేస్తారు. లైటు ఆరుతుంది. ఇది మోసం, పైగా నిమిషంలో బయటపడే మోసం. కోడ్లతో పాటు కంప్యూటర్ చేసుకున్న స్వీయ పరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోతాయి. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసేది), ఆక్సిజన్ సెన్సర్, ఇంధన ఆవిరి (ట్యాంకు ఆవిరి బయటికి లీకవుతోందా అన్నది) పరీక్షలు 'పూర్తి కాలేదు' అని స్కానర్‌లో కనిపిస్తాయి. చాలా బళ్లలో కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా వస్తుంది. అక్కడ 3 కిలోమీటర్లని చూసినవాళ్లు మీ ఫైలు తెరవను కూడా తెరవరు. కొత్త తరం బళ్లలో శాశ్వత కోడ్లుంటాయి. అవి స్కానర్‌కి చెరగవు, లోపం పోయిందని కంప్యూటర్ స్వయంగా తేల్చుకున్నాకే పోతాయి.

నిజంగా రిపేరు చేసి చెరిపినా స్కానర్‌లో ఇలాగే కనిపిస్తుంది. అందుకని చెరిపాక కొన్ని రోజులు బండి వాడండి. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ని పొద్దున స్టార్ట్ చేయండి, ఊళ్లో తిప్పండి, హైవే మీద ఒకే వేగంతో కొంతసేపు పోనివ్వండి, వీలున్న చోట బ్రేకు వెయ్యకుండా యాక్సిలరేటర్ వదిలేసి వేగం తగ్గనివ్వండి. ఇంధన ఆవిరి పరీక్ష అన్నిటికన్నా మొండిది. ట్యాంకు మరీ నిండుగా ఉన్నా, అడుగంటినా మొదలే కాదు. నేను సగం ట్యాంకుతోనే తిప్పుతాను.

కొనేవాళ్లు వచ్చే ముందు ఇంజిన్‌ని వేడి చేసి ఉంచకండి. చల్లటి ఇంజిన్ మొదటిసారి ఎలా అందుకుంటుందో, పొగ వస్తుందో లేదో వాళ్లు చూడాలి. బానెట్ కింద ఇంజిన్ ఉండే చోటుని (ఇంజిన్ బే) కూడా నేను కడిగించను. దుమ్ము మీద కొత్త తడి మరక లేకపోతే లీకు లేదని వాళ్లకే కనిపిస్తుంది.

అభ్యాసం: వారం రోజులు రోజూ పొద్దున స్టార్ట్ చేసే ముందు ఆయిల్, కూలెంట్ మట్టం నోటుబుక్కులో రాయండి. స్టార్ట్ అవ్వడానికి పట్టిన సమయం, మొదటి నిమిషంలో పొగ రంగు రాయండి. వారం తర్వాత బళ్ల గురించి బాగా తెలిసిన మిత్రుణ్ణి స్కానర్‌తో పిలిచి, కొనేవాడిలాగా గంటసేపు ప్రశ్నలు వేయమనండి. ప్రతి జవాబుకీ ఫైల్లోంచి కాగితమో ఫొటోనో చూపాలి. చూపలేని జవాబులన్నీ ప్రకటనలోంచి కొట్టేయండి.