మోకాలు దోక్కుపోతే తేనె కట్టు ఇలా కట్టండి

అలిపిరి నుంచి 3,550 మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్లకి దెబ్బలు కొత్త కాదు. పోయినసారి మోకాళ్ల పర్వతం దగ్గర మా పిన్ని కాలు జారి పడింది, మోకాలు అరచేయంత మేర దోక్కుపోయింది. ఇంటికి రాగానే పక్కింటావిడ కాఫీపొడి పట్టుకొచ్చింది. దయచేసి అది మాత్రం వద్దు, పుండులో ఇరుక్కున్న పొడిని మళ్లీ కడిగి తీయడం నరకం.

తేనె పని చేస్తుంది, ఊరికే చెప్పడం లేదు. దాంట్లో 80 శాతం దాకా చక్కెరలే, పులుపు గుణం కూడా ఉంది, అందుకే పుండులోని తడిని లాగేసి సూక్ష్మజీవుల్ని బతకనివ్వదు. పైగా ఆ తడి తగిలాక తేనెలోని ఒక ఎంజైమ్ కొంచెం కొంచెంగా హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే సూక్ష్మజీవుల్ని చంపే రసాయనాన్ని పుట్టిస్తుంది. వేడి చేస్తే ఆ ఎంజైమ్ పాడైపోతుంది, కాబట్టి గిన్నెలో పోసి వెచ్చబెట్టకండి.

ఇక ఏ తేనె? శేషాచలం అడవుల నుంచి వచ్చే కొండ తేనె నాకు ప్రాణం, కానీ అది తినడానికి. పచ్చి తేనెలో బొటులిజం అనే, కండరాలు చచ్చుబడేలా చేసే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, గుడ్డలో వడగట్టినంత మాత్రాన అవి పోవు. ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించొద్దనేది కూడా ఇందుకే. పుండుకైతే గామా కిరణాలతో శుద్ధి చేసిన తేనె ట్యూబ్ మెడికల్ షాపులో అడిగి తీసుకోండి, పుండ్ల మీద వాడేదని దాని మీద రాసి ఉండాలి.

ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. పుండు మీద కుళాయి నీళ్లు ధారగా వదిలి ఇసుక, మట్టి అంతా పోనివ్వండి, చుట్టూ ఉన్న తడిని మెల్లగా అద్దండి. తేనెని నేరుగా పుండు మీద పోస్తే కారిపోతుంది. శుభ్రమైన గాజ్ (కట్టు కట్టే పల్చటి గుడ్డ) ముక్కకి మందంగా పట్టించి, దాన్ని పుండు మీద పరిచి, పైన ఇంకో పొడి గాజ్ దళసరిగా పెట్టి టేప్ వేయండి. ఆ పై పొర పల్చగా ఉంటే తేనె బయటికి ఊరి, రాత్రికల్లా మంచం నిండా చీమలే. మొదట కాసేపు చురుక్కుమంటుంది, మా పిన్ని కూడా పళ్లు బిగబట్టింది, తర్వాత తగ్గింది. మంట తగ్గకుండా పెరుగుతుంటే కడిగేయండి.

చిన్నగా కాలితే ముందు 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్లు, తేనె సంగతి ఆ తర్వాతే. లోతైన గాయం, కుక్క కాటు, తుప్పు మేకు గుచ్చుకోవడం, పెద్దగా కాలిన గాయం, వీటికి ఇంట్లో కూర్చోకండి, నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండైతే ఎంత చిన్నదైనా డాక్టరుకి చూపించాలి, ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవాళ్లు అసలు వాడొద్దు.

కట్టు రోజుకోసారి మార్చండి, ముందే తడిసిపోతే అప్పుడే మార్చండి. అంటుకుపోతే పీకొద్దు, శుభ్రమైన నీళ్లతో నానబెడితే అదే వదులుతుంది. చుట్టూ ఎర్రగా వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే ఆస్పత్రికి ఆటో ఎక్కండి.