ఎండాకాలంలో గుట్టా, గాలమూ

ఎండాకాలం వీకెండ్‌లో గుట్ట ఎక్కడం, చేపలు పట్టడం రెండూ అనుకుంటే, రెండింటికీ చల్లటి పూటే కావాలి. అక్కడే చిక్కు. అందుకే శనివారం పొద్దు వాలాక గాలం, ఆదివారం తెల్లవారుజామున గుట్ట పెట్టుకోండి. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో రాతి చిత్రాలు చూసుకుని 9:30కల్లా దిగేయాలి. ఆ తర్వాత బండ మీద చెయ్యి పెట్టలేం. మనిషికి 3 లీటర్ల నీళ్లు ఉండాల్సిందే.

చాలా ఊళ్లల్లో చెరువు చేపల హక్కు మత్స్యకారుల సంఘానిది, ముందే అడగండి. వరంగల్ జిల్లా పాకాల చెరువు ఉన్నది అభయారణ్యంలో, ఫారెస్టు వాళ్లను అడగకుండా అక్కడ గాలం తీయొద్దు. ఎరకు వానపాములు చాలు. డబ్బాలో తడిమట్టి వేసి నీడన పెట్టండి, కారులో వదిలేస్తే మధ్యాహ్నానికే చస్తాయి. బొగత జలపాతం అంటారా, అది వానలు పడ్డాకే.