మత్తులో ఉన్న ఎలుకలో ఓపియాయిడ్ పెప్టైడ్లు కొలవబోతున్నారా? ముందే చూసుకోవాల్సినవి

మత్తు ఇచ్చాం, జంతువు కదలడం లేదు, కాబట్టి దాని ఒంట్లో కూడా అంతా నిమ్మళంగానే ఉందనుకోవడం దగ్గరే ఈ ప్రయోగాలు దారి తప్పుతాయి. తెలివి లేనంత మాత్రాన శరీరం ఊరుకోదు. ఓపియాయిడ్ పెప్టైడ్లంటే శరీరమే తయారుచేసుకునే, మార్ఫిన్ లాగా పనిచేసే చిన్న ప్రోటీన్ ముక్కలు; బీటా-ఎండార్ఫిన్, ఎన్కెఫలిన్లు వాటిలోవే. కత్తి పడగానే పిట్యూటరీ గ్రంథి బీటా-ఎండార్ఫిన్‌ను, ఒత్తిడి హార్మోన్ ఏసీటీహెచ్‌ను కలిపి రక్తంలోకి వదులుతుంది. రెండూ ఒకే మూల ప్రోటీన్ నుంచి తెగిన ముక్కలు. అడ్రినల్ గ్రంథి లోపలి భాగంలో ఎన్కెఫలిన్లు అడ్రినలిన్‌తో పాటే నిల్వ ఉంటాయి, అక్కడికి వెళ్లే నరం ఉత్తేజితమైతే రెండూ కలిసే బయటికొస్తాయి. అంటే మీరు కొలవాలనుకున్న పదార్థాన్ని మీ చేతులే విడుదల చేయిస్తున్నాయి. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు ఈ ఒక్క సంగతి నుంచే వస్తాయి.

పని ఆపరేషన్ బల్ల దగ్గర కాదు, అంతకు కొన్ని రోజుల ముందే మొదలవుతుంది. కొత్తగా వచ్చిన ఎలుకలను కనీసం వారం పాటు అలవాటు పడనివ్వండి. మత్తు ఇవ్వబోయే మనిషే రోజూ వాటిని చేతిలోకి తీసుకోవాలి. బోనులో తరిమి తరిమి పట్టుకున్న ఎలుకకు ఆ భయంతోనే నొప్పి తెలియడం తగ్గుతుంది, అందులో కొంత భాగం ఓపియాయిడ్ల పనే. ఈ హార్మోన్లు రోజులో వేళను బట్టి ఎక్కువ తక్కువ అవుతాయి కాబట్టి అన్ని గ్రూపులనూ ఒకే సమయంలో చేయండి. కంట్రోల్ గ్రూపును పొద్దున, మందు ఇచ్చిన గ్రూపును సాయంత్రం చేస్తే ఆ తేడా దేనిదో ఎవరూ చెప్పలేరు.

మత్తుమందు ఎంపికలో తొందర వద్దు. నైట్రస్ ఆక్సైడ్ నొప్పి తగ్గించే తీరులో శరీరం సొంత ఓపియాయిడ్ పెప్టైడ్ల విడుదల ఒక భాగం, ఓపియాయిడ్లను అడ్డుకునే మందు నాలోక్సోన్ ఇస్తే ఆ ప్రభావం తగ్గుతుంది. కాబట్టి ఈ ప్రయోగాల్లోకి దాన్ని రానివ్వకండి. కెటమిన్ ప్రధానంగా వేరే రిసెప్టర్ (మందు వచ్చి అంటుకునే, కణం మీది ప్రోటీన్) మీద పనిచేసినా ఓపియాయిడ్ రిసెప్టర్లనూ తాకుతుంది. యూరిథేన్ చాలాసేపు నిలకడగా ఉంటుంది కానీ క్యాన్సర్ కారకం. జంతువు మళ్లీ లేవని ప్రయోగాల్లోనే వాడాలి, కలిపేటప్పుడు గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. పెంటోబార్బిటాల్‌కు నొప్పి తగ్గించే గుణం తక్కువ, సరైన డోస్‌కూ ప్రమాదకరమైన డోస్‌కూ మధ్య దూరం కూడా తక్కువే. లోతును నిమిషాల్లో సర్దుకోవచ్చు కాబట్టి నా మొగ్గు ఐసోఫ్లూరేన్ వైపు. ఏది వాడినా అన్ని గ్రూపులకూ అదే వాడండి. ముఖ్యమైన ఫలితం వస్తే రెండో మత్తుమందు కింద మరోసారి చూసుకోండి.

ఇక అన్నిటికంటే భయపడాల్సిన చోటు. ఓపియాయిడ్ ప్రభావమా కాదా అని తేల్చడానికి అందరూ నాలోక్సోన్ ఇస్తారు. ఆ జంతువు మత్తులో ఫెంటనిల్ లాంటి ఓపియాయిడ్ మందు భాగమైతే, మీరిచ్చే నాలోక్సోన్ ఆ మందునూ అడ్డుకుంటుంది. పొట్ట తెరిచి ఉన్న ఎలుకకు నొప్పి ఒక్కసారిగా తిరిగొస్తుంది. కండరాలు కదలకుండా చేసే మందు కూడా ఇచ్చి ఉంటే అది కాలు కూడా లాక్కోలేదు, మీకు కనిపించేది బీపీ గీత పైకి లేవడం మాత్రమే. దాన్ని ‘నాలోక్సోన్ బీపీ పెంచింది’ అని నోట్‌బుక్‌లో రాసుకునే ప్రమాదం ఉంది. ఒక ప్రాణి నొప్పి ఫలితంగా నమోదైపోవడం కంటే ఘోరం ఈ పనిలో ఇంకోటి లేదు. అందుకే నాలోక్సోన్ ఇవ్వబోయే ప్రయోగంలో మత్తు కోసం ఓపియాయిడ్ వాడకూడదు. కండరాల మందు నిజంగా అవసరమా అని ముందే తేల్చుకోండి. అవసరమే అయితే, అది ఇవ్వకముందే వెనక కాలి వేళ్ల మధ్య గట్టిగా నొక్కి చూడండి. కాలు లాక్కోకూడదు, బీపీ, గుండె వేగం పెరగకూడదు. ఆ తర్వాత కూడా మధ్యమధ్యలో మందు ప్రభావం తగ్గనిచ్చి మళ్లీ పరీక్షించాలి. మత్తు ఎంత పెంచినా కాలు లాక్కుంటుంటే ప్రయోగం అక్కడే ఆపేయండి, ఆ డేటా వద్దు.

మరి నొప్పి మందు మాటేమిటి? ఓపియాయిడ్ రకం నొప్పి మందు బుప్రెనార్ఫిన్ ఇస్తే మీరు చూడాలనుకున్న రిసెప్టర్లనే గంటల తరబడి పట్టుకుని కూర్చుంటుంది. అలాగని జంతువును నొప్పికి వదిలేయడం పరిష్కారం కాదు. కోత పెట్టే చోట లోకల్ అనస్థీషియా ఇవ్వండి, డోస్ బరువు లెక్కతో. గాయం నుంచి వెళ్లే సంకేతాలను అది ఆపుతుంది కాబట్టి ఆపరేషన్ వల్ల పెరిగే పెప్టైడ్ విడుదల కూడా తగ్గుతుంది. జంతువు మళ్లీ లేచే ప్రయోగమైతే ఆ తర్వాతి నొప్పి మందు గురించి ఎథిక్స్ కమిటీతో ముందే మాట్లాడి రాసుకోవాలి.

రక్తం లెక్క తప్పకుండా వేసుకోండి. ఎలుకలో కిలో బరువుకు సుమారు 64 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 300 గ్రాముల ఎలుకలో మొత్తం 19 మిల్లీలీటర్లే. అర మిల్లీలీటరు చొప్పున నాలుగు శాంపిల్స్ తీస్తే పది శాతం దాటిపోయింది, ఆపరేషన్‌లో కారింది కాక. రక్తం పోవడమే ఓపియాయిడ్ వ్యవస్థను కదిలిస్తుంది. బీపీ పడిపోవడంలో ఈ పెప్టైడ్ల పాత్ర ఉందని 1978లో హోలాడే, ఫేడెన్ ఎలుకల్లో చూపించారు: ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) వల్ల పడిపోయిన బీపీని నాలోక్సోన్ పైకి తెచ్చింది. కాబట్టి తీసిన రక్తానికి బదులు ద్రవం ఎక్కించండి, వాడే ద్రావణాలు, కాన్యులాలు (రక్తనాళంలో పెట్టే సన్నటి గొట్టాలు) స్టెరైల్‌గా, ఎండోటాక్సిన్ లేకుండా ఉండాలి.

ఊపిరి సంగతి కూడా ఇలాంటిదే. ఓపియాయిడ్ పెప్టైడ్ ఇచ్చాక జంతువు ఊపిరి మందగించవచ్చు. కార్బన్ డయాక్సైడ్ పేరుకుని, దానివల్ల బీపీ మారితే నేరం పెప్టైడ్ మీద పడుతుంది. ట్రకియాలో ట్యూబు పెట్టి వెంటిలేటర్ మీద ఉంచడం మేలు. ఒళ్లు 37 డిగ్రీల దగ్గర ఉండేలా హీటింగ్ ప్యాడ్ పెట్టండి.

శాంపిల్ చేతికొచ్చాక టైమ్ ఉండదు. మెట్-ఎన్కెఫలిన్‌లో ఉండేవి 5 అమైనో ఆమ్లాలే, రక్తంలోని ఎంజైములు దాన్ని నిమిషాల్లో కోసేస్తాయి. 31 అమైనో ఆమ్లాల బీటా-ఎండార్ఫిన్ కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే ఈడీటీఏ, ఎంజైములను ఆపే మందులు వేసిన ట్యూబులు ముందే ఐస్‌లో సిద్ధంగా ఉండాలి. 4 డిగ్రీల వద్ద సెంట్రిఫ్యూజ్ చేసి వెంటనే మైనస్ 80లో పెట్టండి. చిన్న చిన్న భాగాలుగా పంచి పెడితే పదే పదే కరిగించాల్సిన పని ఉండదు. పెప్టైడ్లు గాజుకు అంటుకుంటాయి, పాలీప్రొపిలీన్ ట్యూబులు వాడండి. జంతువు లోపలే పెప్టైడ్‌ను కాపాడాలని ఆ ఎంజైముల్లో ఒకదాన్ని ఆపే క్యాప్టోప్రిల్ ఇస్తే అది తానుగా బీపీ తగ్గిస్తుందని మర్చిపోవద్దు. బీటా-లైపోట్రోపిన్ అనే పెద్ద పెప్టైడ్ తోక భాగమే బీటా-ఎండార్ఫిన్ కాబట్టి, మీరు కొలతకు వాడే యాంటీబాడీ రెండింటినీ పట్టుకుంటోందేమో కిట్ కాగితంలో చూడండి.

రక్తంలోని మోతాదు చూసి వెన్నుపాములో ఏం జరిగిందో చెప్పకండి. అక్కడి విడుదల తెలియాలంటే సన్నటి ప్రోబ్ గుచ్చి, అందులోంచి ద్రావణం పంపి అక్కడి పదార్థాలను సేకరించే మైక్రోడయాలిసిస్ లాంటిది కావాలి. ప్రోబ్ గుచ్చిన దెబ్బకే పెప్టైడ్లు బయటికొస్తాయి కనుక బేస్‌లైన్ నిలకడగా కనిపించేదాకా ఆగండి. నరాల నుంచి విడుదలకు కాల్షియం కావాలి కాబట్టి, కాల్షియం లేని ద్రావణం పంపితే విడుదల తగ్గాలి. తగ్గకపోతే మీరు చూస్తున్నది నరాల నుంచి వస్తున్నది కాకపోవచ్చు.

నాలోక్సోన్ డోస్‌కు కూడా అర్థం ఉంది. తక్కువ డోస్ ముఖ్యంగా మ్యూ రకం ఓపియాయిడ్ రిసెప్టర్‌ను అడ్డుకుంటుంది, డెల్టా, కప్పా రకాలకు ఇంకా ఎక్కువ కావాలి. ఎక్కువైతే ఓపియాయిడ్‌తో సంబంధం లేని ప్రభావాలూ తోడవుతాయి. దాని పని త్వరగా అయిపోతుంది, కొలత అంతకంటే ఎక్కువసేపు సాగితే ఆగకుండా ఎక్కించే ఇన్ఫ్యూజన్ పెట్టాలి. కాన్యులా, కోత, అదే మత్తు, అదే టైమ్, కానీ ప్రయోగం మాత్రం చేయని షామ్ గ్రూపును ఖర్చు పేరుతో కొట్టేయకండి. ఎన్ని జంతువులు కావాలో లెక్కేసేటప్పుడే దాన్నీ కలపండి. అది లేక ఫలితం పనికిరాకపోతే మిగతా జంతువులన్నీ వృథాగా పోయినట్టే.

చివర్లో మెదడు తీయాలనుకుంటే, చనిపోయాక కూడా ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. ప్రయోగశాల ఎలుకల కోసమే తయారైన ఫోకస్డ్ మైక్రోవేవ్ పరికరం వాటిని క్షణాల్లో ఆపుతుంది. మామూలు మైక్రోవేవ్ అవెన్‌ను దీనికి ఎప్పుడూ వాడకూడదు. ఆ పరికరం లేకపోతే మత్తు తేలిపోకముందే, కమిటీ అనుమతించిన పద్ధతిలో ప్రాణం తీసి, మెదడును వెంటనే గడ్డకట్టించి, మధ్యలో ఎన్ని సెకన్లు పట్టిందో ప్రతి జంతువుకూ రాసిపెట్టండి.