ఘాట్ ఎక్కడానికి గేరు తేలిక చేసుకున్న పద్ధతి (నా అనుభవం)

కోనసీమలో గేర్ల సైకిల్‌కి పెద్దగా పని పడదు. ఎక్కడమంటే ఏటిగట్టో, వంతెన అప్రోచో. అదే సైకిల్ మారేడుమిల్లి ఘాట్‌లో మాత్రం అతి తేలిక గేరులో కూడా మొరాయించేది, మోకాళ్లు పీకేవి. సీటు పెంచడం, టైర్లలో గాలి, చైన్‌కి ఆయిల్... ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది వెనక పళ్లచక్రాల సెట్టు, అంటే ఫ్రీవీల్ మార్చడం. ముందు 42 పళ్లు, వెనక పెద్దది 28: పెడల్ ఒక చుట్టుకి చక్రం ఒకటిన్నర చుట్లు. వెనక 34 వేస్తే సుమారు 1.24, అంటే తొక్కడం అంత తేలిక.

రిమూవర్‌ని (ఫ్రీవీల్ విప్పే పనిముట్టు) వైస్‌లో, అంటే బల్లకి బిగించే పట్టుకారులో బిగించి, ఫ్రీవీల్ కిందికి ఉండేలా చక్రాన్ని దానిపై కూర్చోబెట్టి, చక్రాన్నే ఎడమకి తిప్పాను. మొండిగా ఉంది, ఇంకొకరు చెయ్యి వేయాల్సిందే. మరలకి గ్రీజు రాసి కొత్తది ఎక్కించాను. తర్వాత చైన్. డిరైలర్‌లోంచి (గేరు మార్చేటప్పుడు చైన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) పోనివ్వకుండా ముందు, వెనక పెద్ద చక్రాల చుట్టూ వేసి, అదనంగా ఒక జత లింకులు కలిపి, మిగతాది కోశాను. చివరగా బీ-స్క్రూ, అంటే డిరైలర్‌ని పళ్లచక్రాలకి దూరంగా జరిపే మర: డిరైలర్ పై చిన్న చక్రం 34 పళ్లకి రాసుకోకుండా కాస్త బిగించాను.

మీ డిరైలర్ 34 పళ్లు మోస్తుందో లేదో ముందే చూసుకోండి. నాది పొడుగు కేజ్‌ది (చిన్న చక్రాలుండే చట్రం పొడుగ్గా ఉన్నది) కాబట్టి సరిపోయింది. క్యాసెట్ రకం హబ్ (పళ్లచక్రాలు మరలతో కాక గాళ్లలోకి జారేలా కూర్చునే చక్రం ఇరుసు భాగం) అయితే విప్పే తీరే వేరు.