గండభేరుండం – నాలుగో పాఠం: 15, 16 దెబ్బల దగ్గర

మీరు పంపిన రికార్డింగులన్నీ విన్నాను. దాదాపు అందరూ ఒకేచోట జారారు. అందుకని వేగం పెంచే సంగతి పక్కనపెట్టి అక్కడికే మళ్లీ వెళ్దాం.

గండభేరుండం అంటే రెండు తలల పక్షి, మన రచనకు ఆ పేరే. ఇందులో డప్పుల తలది ఖండం, అంటే ఐదు దెబ్బలు: తక తకిట. తాషాల తలది మిశ్రం, అంటే ఏడు దెబ్బలు: తకిట తకధిమి. డోలు ఒళ్లు. ఖండం ఏడుసార్లు, మిశ్రం ఐదుసార్లు తిరిగితే 35 దెబ్బల ఆవృతం, అంటే ఒక పూర్తి చుట్టు. రెండూ కలిసి మొదలయ్యే మొదటి దెబ్బే సమం, దాని మీదే డోలు మోగాలి. శివుడు ఎత్తిన శరభ రూపాన్ని ఎదిరించడానికి నరసింహుడే ఈ పక్షి అయ్యాడని వైష్ణవుల కథ. అంతర్వేది నరసింహస్వామిని కొలిచే మనకు ఆ ఒళ్లు ఎవరిదో వేరే చెప్పాలా!

ఇక తప్పు. 15వ దెబ్బ మీద మిశ్రం ఎత్తుగడ, అంటే దాని మొదటి దెబ్బ, పడుతుంది, ఆ వెంటే 16 మీద ఖండం. ఈ రెంటినీ మీరు కలిపేస్తున్నారు. పక్కవాళ్ల దెబ్బ వినగానే డప్పులవాళ్లు తొందరపడి 15 మీదే వాయించేస్తున్నారు. ఆవృతం 34 అయిపోతోంది, డోలువాడు ఎక్కడ కొట్టాలో తెలియక నిలబడిపోతున్నాడు. 21, 22 దగ్గర ఇదే తిరగబడుతుంది: ముందు ఖండం, తర్వాత మిశ్రం. ఒక తల పొడిచాక రెండోది పొడవాలి. నాకు ఈ రచనలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, దయచేసి దాన్ని మింగేయకండి.

ఇలా ఎందుకవుతోందంటే, మీరు అంకెలు లెక్కపెడుతున్నారు. ఎన్నిసార్లు చెప్పాను! 'రెండు', 'మూడు', 'ఐదు' రెండేసి అక్షరాలు. 'ఒకటి', 'నాలుగు' మూడేసి. నోరు 'నాలుగు' దగ్గర సాగుతుంది, చెయ్యి నోటి వెంట పోతుంది. ఖండంలో నాలుగోది ఆలస్యమైతే ఐదోది పరుగెత్తి ఆ లోటు పూడుస్తుంది, ఆ పరుగే పక్క దెబ్బ మీద పడుతుంది. 'తకతకిట'లో అన్నీ ఒక్కొక్క అక్షరమే, ఏదీ సాగదు. అంకెలు కాగితం మీద రాసుకోండి, నోట్లో 'తకతకిట' లాంటి జతులే ఉండాలి. నేనైతే 35 దాకా అసలు లెక్కే పెట్టను. ఆ రెండు జంట దెబ్బలూ వినబడితే చాలు, సమం ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది.

ముసురు పట్టిన రోజున చర్మం మెత్తబడి దెబ్బ 'దబ్' అని చదునుగా వస్తుంది, అప్పుడు 15కీ 16కీ తేడా తెలియదు. గడ్డిమంట మీద కాచి, 'టంగ్' అన్నాకే మొదలుపెట్టండి.

సాధన: కాలువ గట్టు మీద నడవండి. అడుగుకొక దెబ్బ, నోట్లో మిశ్రం, ప్రతి ఖండం మొదట్లో చప్పట్లు. 35 బేసి కాబట్టి మొదటి ఆవృతం కుడికాలితో మొదలైతే రెండోది ఎడమకాలితో మొదలవ్వాలి. కాలు మారలేదంటే ఎక్కడో ఒక దెబ్బ తప్పినట్టే, మళ్లీ మొదటికి. ఆగకుండా పది ఆవృతాలు నడిచాకే పుల్లలు పట్టండి.