అంకెలతో బ్రాంచి పని – 3వ పాఠం: ఓవర్‌డ్యూ జాబితా ఏం చెబుతోంది?

పోయిన పాఠంలో మన బ్యాంకు బ్రాంచి ఓవర్‌డ్యూ జాబితాను, అంటే వాయిదా తప్పిన రుణ ఖాతాల జాబితాను, ఎక్సెల్‌లోకి తీసుకున్నాం. ఇవాళ దాన్ని చదువుదాం.

ముందు ఈ ఖాతాల వర్గాలు గుర్తు చేసుకోండి. ఎస్‌ఎంఏ అంటే స్పెషల్ మెన్షన్ అకౌంట్, ప్రత్యేకంగా కనిపెట్టుకోవాల్సిన ఖాతా. వాయిదా తప్పి 30 రోజుల లోపైతే ఎస్‌ఎంఏ-0, 31 నుంచి 60 రోజులైతే ఎస్‌ఎంఏ-1, 61 నుంచి 90 అయితే ఎస్‌ఎంఏ-2. 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. పంట రుణాలను పక్కన పెట్టండి, వాటి లెక్క పంట కాలాన్ని బట్టి ఉంటుంది.

నెలాఖరు వారంలో ఎస్‌ఎంఏ-2 ఖాతాల కోసం పరుగులు పెట్టడం మనకు అలవాటు. రీజనల్ ఆఫీసు నుంచి ఫోన్లు, టెన్షన్. నిజానికి ఆ ఖాతా రెండు నెలల కిందే జాబితాలో కనిపించింది, మనం చూడలేదు.

అందుకే ఒక లెక్క వేద్దాం. గత నెలాఖరున ఎస్‌ఎంఏ-0లో 40 ఖాతాలున్నాయనుకోండి. వాటిలో 28 మంది కట్టేశారు, 12 ఖాతాలు ఎస్‌ఎంఏ-1లోకి జారాయి. 12ను 40తో భాగిస్తే 30 శాతం. దీన్ని జారుడు శాతం అందాం. మొత్తం బకాయి ఒక్క పెద్ద ఖాతా కట్టగానే తగ్గిపోతుంది, మనల్ని మభ్యపెడుతుంది. ఖాతాలను లెక్కపెట్టే ఈ శాతంతో ఆ ఇబ్బంది లేదు.

ఇక కట్టేసిన 28 మందిని కూడా చూడండి. ప్రతి నెలాఖరునా అవే పేర్లు వస్తున్నాయా? అయితే వాయిదా తేదీ పక్కన జీతం పడే తేదీ రాయండి. వాయిదా 25న, జీతం 1న. ఆ మనిషి ఎగవేతదారు కాదు, తేదీ కుదరలేదంతే. వాయిదా తేదీ మార్చడానికి వీలుందేమో అడగండి.

జారిన 12 ఖాతాలకు రిమార్కుల్లో ‘త్వరలో కడతామన్నారు’ అని రాయకండి. కారణం రాయండి: గేదె వట్టిపోయింది, షాపు మూసేశారు, ఇంట్లో ఆపరేషన్. తెలియకపోతే ఊళ్లో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంక్ మిత్రను అడగండి, ఆ ఊరి సంగతి మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

ఒక్క జాగ్రత్త. నేను మొదటిసారి ఈ శాతాన్ని బోర్డు మీద ఆఫీసర్ల పేర్లతో రాశాను. మరుసటి నెల రిమార్కులన్నీ ‘త్వరలో కడతారు’ అనే వచ్చాయి. తిడతారన్న భయం ఉన్నచోట నిజమైన కారణం ఎవరూ రాయరు. పేర్లు తీసేసి, బ్రాంచి మొత్తానికి ఒకే అంకె రాశాకే నిజాలు బయటికొచ్చాయి.

అభ్యాసం: గత మూడు నెలల జారుడు శాతాలు కట్టండి. జారిన ఖాతాల కారణాలను ఖాతాదారు పేరు, నంబరు లేకుండా ఒక కాగితం మీద రాసుకోండి. 4వ పాఠంలో ఆ కాగితంతోనే మొదలుపెడదాం.