బొంతలు కుట్టుకోవడానికి తక్కువ ధరలో ఏ కుట్టు మిషన్ కొనాలి?

దుకాణంలో ఏ కుట్టు మిషన్ అయినా చక్కగానే కుడుతుంది, ఎందుకంటే అక్కడ కుట్టి చూపించేది పలుచని గుడ్డ ముక్క మీద. బొంత సంగతి వేరు. ఐదున్నర మీటర్ల పాత నూలు చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కొంచెం తక్కువ వెడల్పుతో మూడు పొరలు వస్తాయి. రెండు చీరలు వేస్తే ఆరు పొరలవుతాయి. ఆ చీరలు నారాయణపేటవో గద్వాలవో అయితే అంచులు ఒత్తుగా ఉంటాయి కనుక, అంచు మీద అంచు పడినచోట సూదికి అసలు పరీక్ష మొదలవుతుంది. కాబట్టి నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో మిషన్ కొనడానికి బయలుదేరే ముందు, పాత చీరలతో ఆరు పొరల ముక్కను జానెడు వెడల్పున, మూరెడు పొడవున కత్తిరించి, ఒక చివర అంచును లోపలికి మడిచి పన్నెండు పొరలు చేసి, చేత్తో టాకాలు వేసి సంచిలో పెట్టుకోండి. మిషన్ ఎంపికలో సగం పని ఈ ముక్కే చేసిపెడుతుంది.

ఇక ఏ రకం మిషన్ చూడాలన్నది. బొంతకు కావలసింది నేరుకుట్టు ఒక్కటే. జిగ్‌జాగ్, కాజాలు, పూలకుట్లు చూపించి అమ్మే తేలికపాటి ప్లాస్టిక్ మిషన్లు జాకెట్లకు, పిల్లల గౌన్లకు పనికొస్తాయి గాని, అదే ధరకు దొరికే ఇనుప నల్ల మిషన్ మందపు గుడ్డను ఎక్కువ కాలం తట్టుకుంటుంది. నేను మొదట ఇరవై రకాల కుట్లున్న మిషన్‌కు ఆశపడి కొన్నాను. రెండో బొంత సగంలో ఉండగానే అంచు దగ్గర మోటారు మూలుగుతూ ఆగిపోయేది, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఆ బొంత పూర్తి చేశాను. ఆ ఇరవై కుట్లలో నేను వాడినవి రెండే. టైలర్లు వాడే పెద్ద పవర్ మిషన్లకు బలం ఉంటుంది గాని, అవి నిమిషానికి నాలుగైదు వేల కుట్ల వేగానికి తయారైనవి. ఇంట్లో ఏడాదికి నాలుగు బొంతలు కుట్టేవారికి ఆ ఖర్చు, అంత చోటు దండగ. అమ్మకానికే కుట్టదలచినవారు మాత్రం వేగాన్ని తగ్గించుకోగల సర్వో మోటారు ఉన్నదాన్ని చూడవచ్చు.

దుకాణంలో పరీక్ష ఇలా చేయండి. 16 నంబరు సూది వేయించండి. బ్లౌజు గుడ్డలకు వాడే 11, 14 నంబర్లు ఇక్కడ వంగిపోతాయి, మరీ మందమైతే 18 కావాలి. అంగుళానికి ఏడెనిమిది కుట్లు పడేలా కుట్టు పొడవు పెంచమనండి. గుడ్డను అదిమిపట్టే మిషన్ పాదాన్ని కిందికి దించి, ముందుగా చేతి చక్రాన్ని మెల్లగా తిప్పుతూ పన్నెండు పొరలున్న చివరను దాటించండి. అసలు ఆ మందం పాదం కింద పడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. సూది దిగేటప్పుడు చక్రం బిగుసుకుపోయినా, టక్కుమన్నా ఆ మిషన్ వద్దు. తర్వాత కాలితో తొక్కుతూ మూరెడు ముక్కా కుట్టి, పై పొర చివర, కింది పొర చివర కలిశాయా అని చూడండి. సూది కిందున్న ఇనుప పళ్లు అడుగు పొరను లాగుతుంటాయి, పాదం పై పొరను అదిమి ఆపుతుంది. అందుకే పై పొర ముందుకు జరిగి చివర కుప్ప పడుతుంది. వేలెడు తేడా వస్తే పాదం పైనున్న ఒత్తిడి మరను కొద్దిగా వదులు చేయించి మళ్లీ కుట్టండి. అప్పటికీ తగ్గకపోతే పై పొరను కూడా పట్టి నడిపించే వాకింగ్ ఫుట్ ఆ మిషన్‌కు సరిపోతుందో లేదో అడగడమే కాదు, బిగించి చూపించమనండి. బొంత కుట్టేవారికి నేను చెప్పే అదనపు ఖర్చు ఇదొక్కటే. చివరగా ముక్కను తిరగేయండి: అడుగున దారం ఉచ్చులుగా వేలాడుతుంటే చాలాసార్లు తప్పు పైదారం ఎక్కించడంలోనో, దాని బిగువులోనో ఉంటుంది, కింది దారం చుట్టిన బాబిన్‌లో కాదు. సరిచేయించి మరోసారి కుట్టించండి; అమ్మేవారు విసుక్కున్నా ఫరవాలేదు.

సూదికి, మిషన్ నిలువు భాగానికి మధ్య చోటు ఇళ్లలో వాడే మిషన్లకు ఆరున్నర, ఏడు అంగుళాలే ఉంటుంది. అది చాలదేమో అని భయపడనక్కరలేదు. నడుమ నుంచి మొదలుపెట్టి ఒక పక్కకు కుట్టుకుంటూ పోతే, చుట్టచుట్టి ఆ చోటులో పట్టించవలసింది సగం బొంతే. పాత చీరలు మెత్తబడి ఉంటాయి కనుక చుట్ట సన్నగానే వస్తుంది. దూది పరిచిన బొంత అయితే కష్టమే.

పాత మిషన్ కొనడాన్ని చిన్నచూపు చూడకండి, నా వరకు అదే మంచి బేరం. రంగు పోయినా, బంగారు పూలు చెరిగినా నష్టం లేదు. సూది కడ్డీని వేళ్లతో పట్టుకొని పక్కలకు కదిపితే ఊగకూడదు. అడుగు రేకు జరిపి పళ్లను వేలితో తడిమి చూడండి. అరిగి నున్నగా ఉంటే గుడ్డను లాగలేవు, అయితే ఆ పళ్లను మార్పించుకోవచ్చు గనుక ధర తగ్గించమని అడగడానికి అదొక కారణం. బాబిన్ చుట్టూ తిరిగే షటిల్ మీద సూది గీసిన గాట్లుంటే దారం తెగుతూ ఉంటుంది. కాలి స్టాండు, పట్టా, బల్ల ధరలో కలిసే ఉన్నాయో విడిగా అడుగుతారో ముందే తేల్చుకోండి. మోటారు తర్వాతైనా బిగించుకోవచ్చు. బొంతకు కాలితో తొక్కే నిదానమే నయమని నాకు అనిపిస్తుంది. మీ ఊరికి దగ్గరలో, దేవరకొండలోనో మిర్యాలగూడలోనో, ఆ రకం మిషన్ విప్పి బిగించగల మెకానిక్ ఉన్నారో లేదో కనుక్కున్నాకే డబ్బు ఇవ్వండి.

ఇంటికి తెచ్చాక, పాత నూలు చీరలు రాల్చే నూగు పళ్ల సందుల్లో, షటిల్ గూట్లో పేరుకుంటుంది కనుక ఒక్కో బొంత అయ్యాక రేకు విప్పి చిన్న కుంచెతో దులపండి. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్లకు జిగురుగా మారి మిషన్ బిగుసుకుపోతుంది. మిషన్ నూనె మాత్రమే వేసి, బొంతకు మరకలు అంటకుండా ముందు ఏదైనా పనికిరాని గుడ్డ మీద పది వరసలు కుట్టండి.